సాయం అందుకున్న చేతులకు పని చెప్పండి: విపత్తు సహాయ సంస్థలకు బహిరంగ లేఖ

వరదలు, తుపానులు, భూకంపాల తర్వాత శిబిరాలు నడిపే సంస్థల పెద్దలకు, వాలంటీర్లను ఎంపిక చేసేవారికి,

నమస్కారం.

నాకు 14 ఏళ్లప్పుడు మా ఇల్లు వరదలో మునిగింది. ఒక బడి మేడమీద, ఇంకో ముప్పై కుటుంబాలతో కలిసి ఎనిమిది రోజులు తలదాచుకున్నాం. ఆ ఎనిమిది రోజుల్లో జరిగిన వాటిలో చాలావరకు మర్చిపోయాను. రెండు మాత్రం నిన్న జరిగినట్టు గుర్తున్నాయి. ఈ ఉత్తరం రాయడానికి ఆ రెండే కారణం.

రెండో రోజు సాయంత్రం దుప్పట్లు పంచడానికి కొందరు వచ్చారు. మా నాన్న వంతు వచ్చింది. దుప్పటి ఇస్తున్నాయన దాన్ని నాన్న చేతిలో పెట్టారు కానీ వదల్లేదు. ఫోటో తీసే అతనికి వెలుతురు చాల్లేదట. 'కాస్త ఇటు తిరగండి, ఇటు చూడండి' అని రెండుసార్లు చెప్పించారు. నాన్న తిరిగారు, చూశారు. తర్వాత ఆ దుప్పటి తెచ్చి మా అందరి మీదా కప్పి, రాత్రంతా వరండాలో కూర్చున్నారు. శిబిరంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఆ దుప్పటి ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

మర్నాడు రాత్రి మందుల సంచీతో ఒకావిడ వచ్చింది. కరెంటు లేదు. ఒక్కొక్కరి పక్కనా నేల మీద కూర్చుని, పేరు అడిగి, ఏం ఇబ్బందో రాసుకుంటోంది. నా దాకా వచ్చాక, 'ఏమ్మా, ఈ టార్చ్ కాస్త పట్టుకుంటావా? నాకు రెండు చేతులూ చాలడం లేదు' అంది. అర్ధరాత్రి దాటేదాకా ఆమె వెనకే తిరిగాను. ఎవరికి జ్వరం ఉందో, ఎవరి బీపీ మాత్రలు నీళ్లలో కొట్టుకుపోయాయో, ఏ ముసలాయనకు చెవి వినబడదో అన్నీ తెలిసిపోయాయి. తెల్లారేసరికి ఆవిడ వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు నేను. అక్కడున్న మిగతా రోజులన్నీ, ఎవరికి ఏం కావాలన్నా మా గదిలో నన్నే అడిగేవారు.

పదిహేనేళ్లుగా విపత్తు వచ్చిన చోటికి వాలంటీర్‌గా వెళ్తున్నాను. నాతో పనిచేసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు శిబిరంలో పడుకున్నవాళ్లే. 'మీరెందుకు వస్తారు?' అని మమ్మల్ని తరచూ అడుగుతారు. అడిగినవాళ్లే జవాబు కూడా చెప్పేస్తారు: 'రుణం తీర్చుకోవడానికి కదా!' మర్యాదకు తలూపుతాం. అది నిజం కాదని ఇప్పుడు మీకు చెప్పాలనిపించింది. ఎందుకంటే, మమ్మల్ని మీరు అర్థం చేసుకునే తీరును బట్టే మాకు ఏ పని ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తున్నారు.

రుణమైతే ఇచ్చినవారికి తిరిగివ్వాలి. టార్చ్ పట్టుకోమన్న ఆవిడను నేను మళ్లీ చూడలేదు. ఆమెకు ఏ కష్టం వచ్చిందో, అసలు వచ్చిందో లేదో కూడా తెలియదు. జపాన్ వాళ్లకు దీనికి రెండు వేరువేరు మాటలున్నాయి. మేలు చేసినవారికే తిరిగి మేలు చేస్తే 'ఓన్ గాయెషి'. అందిన మేలును ఇంకొకరికి సాగనంపితే 'ఓన్ ఒకురి'. నేను చేసేది రెండోది. 1847లో ఐర్లండ్ కరువులో ఉందని విని, అమెరికాలోని చొక్తా ఆదివాసులు తమలో తాము పోగుచేసి డబ్బు పంపారు. ఎక్కువగా చెప్పే లెక్క 170 డాలర్లు. అప్పటికి వాళ్లను సొంత నేల నుంచి వెళ్లగొట్టడం మొదలై 16 ఏళ్లే అయింది. ఆ దారిలో ఆకలికీ చలికీ రోగాలకూ వేలమందిని పోగొట్టుకున్నారు. 2020లో కరోనా సమయంలో ఐర్లండ్ ప్రజలు ఆ మేలును తలచుకుంటూ పెద్దఎత్తున విరాళాలు పంపారు. అయితే అవి వెళ్లింది నవాహో, హోపీ అనే వేరే ఆదివాసులకు, ఆ క్షణాన అవసరం వాళ్లది కాబట్టి. 173 ఏళ్ల నాటి లెక్క ఇక్కడ ఎవరికీ తీరలేదు, తీరాలని ఎవరూ అనుకోనూ లేదు.

మరి రుణం కాకపోతే ఏమిటి? నాకు తృప్తినిచ్చిన జవాబు ఎర్విన్ స్టాబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర దొరికింది. ఆయన 1938లో హంగరీలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆరేళ్ల వయసులో నాజీల బారి నుంచి బయటపడ్డారంటే ఇద్దరి వల్ల. ఒకరు యూదులకు రక్షణ పత్రాలు ఇచ్చి కాపాడిన స్వీడన్ దౌత్యవేత్త రౌల్ వాలెన్‌బర్గ్. ఇంకొకరు వాళ్లింట్లో పనిచేసే మరియా అనే ఆవిడ. ప్రాణం మీదికి వస్తుందని తెలిసీ ఆ కుటుంబాన్ని వదలలేదు. ఆ పిల్లాడు పెద్దయి అమెరికాలో ప్రొఫెసరై, మనుషులు ఒకరికొకరు ఎందుకు సాయం చేస్తారు, ఎందుకు చేయకుండా నిలబడి చూస్తారు అన్నదే జీవితమంతా పరిశోధించారు. బాధలోంచి పుట్టే పరోపకారం గురించి ఆయన, యొహానా వోల్‌హార్ట్ అనే ఇంకో పరిశోధకురాలు కలిసి రాసిన దాన్ని చదివినప్పుడు నాకు ఆ బడి మేడే గుర్తొచ్చింది.

బాధ పడినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు. బాధ మనిషిని ముడుచుకుపోయేలా చేయగలదు, లోకం మీద కోపం పెంచగలదు. అది వాళ్లు దాచలేదు. మరి కొందరిలో అదే బాధ ఇతరుల వైపు ఎలా తిరుగుతుంది? వాళ్లు చెప్పిన కారణాల్లో నన్ను ఆపేసినవి రెండు. ఆ కష్టంలో ఎవరో ఒకరు ఆదరంగా చూసి ఉండటం ఒకటి. ఆ కష్టంలోనే తాను కూడా తనకో ఇంకొకరికో ఏదో ఒకటి చేయగలగడం రెండోది. నా విషయంలో ఆ రెండూ ఒకే రాత్రి, ఒకే మనిషి వల్ల జరిగాయి. ఆవిడ నాకు మందు ఇచ్చి వెళ్లిపోయి ఉంటే ఆమెను మంచి మనిషిగా గుర్తుపెట్టుకునేదాన్ని. టార్చ్ ఇచ్చింది కాబట్టే నేను ఈ పనిలోకి వచ్చాను.

అయ్యా, అమ్మా, నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. పదేళ్ల తర్వాత మీకు కావలసిన వాలంటీర్ ఇవాళ మీ క్యూలోనే నిలబడి ఉంది. ఆమె వస్తుందా రాదా అన్నది, ఆమె చేతికి మీరు వస్తువును ఎలా అందిస్తున్నారన్న దానిమీద చాలా ఆధారపడి ఉంది.

మా నాన్న ఎన్నడూ ఏ శిబిరానికీ సాయానికి వెళ్లలేదు. ఆయన మనసు చాలా మెత్తన. పక్కింట్లో జ్వరమొస్తే రాత్రంతా మేలుకునే మనిషి. కానీ 'సహాయ శిబిరం' అన్న మాట వింటే ఆ ఫోటో గుర్తొచ్చేది ఆయనకు. సాయం అందుకోవడం మనిషికి ఊరటనిస్తుంది. ఇచ్చిన తీరు సరిగా లేకపోతే అదే సాయం 'నా చేతకానితనం అందరికీ తెలిసిపోయింది' అనిపిస్తుంది. జెఫ్రీ ఫిషర్, ఆరీ నాడ్లర్ లాంటి పరిశోధకులు సాయానికి ఉన్న ఈ రెండో ముఖం గురించి 1982లోనే వివరంగా రాశారు. తిరిగి ఏదో చేయగలిగే అవకాశం దొరికితే ఆ చిన్నతనం తగ్గుతుంది. ఇంకా ముందు, 1965లో, ఫ్రాంక్ రీస్‌మన్ అనే పరిశోధకుడు ఇంకో సంగతి గమనించారు. ఒకే రకం కష్టంలో ఉన్నవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకున్నప్పుడు, అందుకున్నవాళ్లతో పాటు చేసినవాళ్లు కూడా కోలుకుంటున్నారని, కొన్నిసార్లు చేసినవాళ్లే ఎక్కువ కోలుకుంటున్నారని ఆయన రాశారు. మా బృందంలో ఒకతను దీన్నే తన మాటల్లో చెప్పాడు: 'ఇంకొకరి ఇంట్లో బురద ఎత్తిపోసినప్పుడే మా ఇంటి బురద నా కళ్లముందు నుంచి పోయింది.'

కృతజ్ఞత గురించి కూడా ఒక మాట చెప్పాలి. మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డిస్టెనో అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విసుగు పుట్టించే పని ఒకటి కంప్యూటర్ మీద చేయించి, చివర్లో కంప్యూటర్ పాడైనట్టు చేస్తారు. పనంతా మళ్లీ మొదటికి వచ్చేలా ఉంటుంది. అప్పుడు పక్కనున్న మనిషి పూనుకుని దాన్ని బాగుచేస్తుంది. ఆ తర్వాత బయట ఎవరో అపరిచితురాలు ఒక పొడవాటి ఫారం నింపిపెట్టమని అడిగితే, సాయం అందుకున్నవాళ్లు మిగతావారికంటే ఎక్కువసేపు కూర్చుని నింపారు. ఆమెకు వీళ్లు ఏమీ బాకీ లేరు. అయినా నింపారు. అదే ప్రయోగంలో, అపరిచితురాలు అడగబోయే ముందు 'మీకు ఇందాక సాయం చేసింది ఫలానా ఆమె' అని గుర్తుచేస్తే, అపరిచితురాలి మీద చూపించే ఆ అదనపు ఓపిక కనబడలేదు.

ఇది ల్యాబులో చేసిన చిన్న ప్రయోగం. వరద శిబిరం వేరు, నాకు తెలుసు. అయినా ప్రతి నీళ్ల సీసా మీదా, ప్రతి టార్పాలిన్ మీదా సంస్థ పేరు పెద్ద అక్షరాల్లో చూసినప్పుడల్లా ఈ ప్రయోగం గుర్తొస్తుంది. దాతలకు లెక్క చూపాలి, పేరు వేసుకోవాలి, కాదనను. కానీ ఇచ్చిందెవరో క్షణక్షణం గుర్తుచేస్తూ ఉంటే కృతజ్ఞత ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది. ముందుకు సాగదు. నా టార్చ్ మీద ఏ పేరూ లేదు.

ఇలా సాగిపోయే మేలు ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే జపాన్ వైపే చూడాలి. 1995 జనవరి 17న కోబే ప్రాంతంలో వచ్చిన భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు. శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డవారిలో అత్యధికులను లాగింది ఇంటివాళ్లూ ఇరుగుపొరుగువారే. తర్వాత ఏడాదిలో దేశం నలుమూలల నుంచి పది లక్షలకు పైగా వాలంటీర్లు వచ్చారు. అందుకే 1995ను అక్కడ 'వాలంటీర్ల తొలి ఏడు' అంటారు. 2011 మార్చిలో ఈశాన్య తీరాన్ని సునామీ ముంచినప్పుడు కోబే వాళ్లు బయల్దేరారు. 2004లో నీగతా భూకంపంలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లూ బయల్దేరారు. కోబేలో మృతుల జ్ఞాపకంగా ఆరకుండా వెలిగే దీపం నుంచి నిప్పు తీసుకెళ్లి, సునామీ తుడిచిపెట్టిన రికుజెన్‌తకాతాలో ఇంకో దీపం వెలిగించారు. అత్సుమి తొమోహిదె అనే పరిశోధకుడు ఈ వరసనంతా 'విపత్తు ప్రాంతాల రిలే' అన్నారు. పరుగు పందెంలో ఒకరి చేతి కర్ర ఇంకొకరు అందుకున్నట్టు.

అమెరికాలోనూ ఇలాంటిదే చూశాం. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు, లూయిసియానాలో సొంత పడవలున్న మామూలు మనుషులు వాటిని లాక్కొచ్చి జనాన్ని కాపాడారు. ఇళ్లు పోయినవారిలో లక్షమందికి పైగా పొరుగు రాష్ట్రం టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరం ఆశ్రయమిచ్చింది. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ మునిగింది. లూయిసియానా పడవలు ఈసారి అటు కదిలాయి. మెక్సికో సిటీలో 1985 భూకంపం రోజున, ఏ పనిముట్టూ లేక ఒట్టి చేతులతో శిథిలాలు తవ్విన పొరుగువాళ్లు 'లోస్ తోపోస్' అనే బృందం కట్టారు. నేలను తవ్వుకుంటూ పోయే చుంచెలుకలు అని అర్థం. హైతీకి, నేపాల్‌కు, 2023లో తుర్కియేకు ఆ పేరుతోనే వెళ్లారు.

ఒక విపత్తును దాటి వచ్చినవాళ్ల దగ్గర మంచి మనసు ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. పనితనం కూడా ఉంటుంది. మీ శిక్షణ పుస్తకాల్లో దొరకని వివరాలు మాకు ఒంటికి తెలుసు.

నీళ్లు తీసిన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టే మనిషికి కొన్ని నిమిషాలు ఒంటరిగా కావాలి. పారలు పట్టుకుని వెంటనే లోపలికి దూసుకుపోకూడదు. బురద ఎండకముందే తీయాలి, ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. అయితే బురదలో కలిసిపోయిన ఏ వస్తువునూ అడగకుండా చెత్తలో వేయకూడదు. మీకు అది విరిగిన పెట్టె. ఆ ఇంటావిడకు చనిపోయిన కూతురి పెట్టె. తడిసిన ఫోటోలు చింపి విడదీయకూడదు. శుభ్రమైన చల్లని నీళ్లలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. 2011 సునామీ తర్వాత జపాన్‌లో వాలంటీర్లు బురదలో దొరికిన లక్షల ఫోటోలను ఇలా ఓపిగ్గా శుభ్రం చేసి, సొంతదారులకు చేర్చడానికి నెలల తరబడి కూర్చున్నారు. సహాయ సామగ్రి జాబితాలో ఎవరూ దాన్ని రాయరు. పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం తెలుసు, అది ఎంత పెద్ద పనో.

రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లే దారిలో వెలుతురు లేకపోతే ఆడపిల్లలు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారని నాకు ఎవరూ శిక్షణలో చెప్పలేదు. నేనే మానేశాను కాబట్టి తెలుసు. ఇప్పుడు ఏ శిబిరానికి వెళ్లినా ముందు ఆ దారి చూస్తాను.

ఇంకోటి: నలభయ్యో రోజు. మొదటి వారం అందరూ వస్తారు. కెమెరాలు వస్తాయి, పాత బట్టలు గుట్టలుగా వస్తాయి. నలభయ్యో రోజుకు ఎవరూ ఉండరు. కాగితాల పని, నష్టపరిహారం ఫారాలు, నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికి కూడా ఉలిక్కిపడటం అప్పుడే ముదురుతాయి. మా బృందంలో చాలామంది మొదటి వారం వెళ్లరు. కావాలనే ఆగి, అందరూ వెళ్లిపోయాక వెళ్తారు.

ఇక నా ఫిర్యాదు. 26 ఏళ్ల వయసులో ఒక సంస్థకు వాలంటీర్‌గా దరఖాస్తు పెట్టాను. 'గతంలో మీరు విపత్తు బాధితులా?' అని ఫారంలో ఒక గడి ఉంది. అవునని గీత పెట్టాను. వారం తర్వాత ఫోన్ వచ్చింది. శిబిరానికి పంపడానికి కాదు. దాతల సమావేశంలో పది నిమిషాలు నా అనుభవం చెప్పమన్నారు. 'కొంచెం ఎమోషనల్‌గా ఉంటే బాగుంటుంది' అని కూడా అన్నారు. పనికి ఎప్పుడు పంపుతారని అడిగితే, 'మీలాంటివాళ్లు మళ్లీ అవన్నీ చూస్తే తట్టుకోలేరండీ' అన్నారు. వాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఆ ఫోన్ పెట్టేశాక, నాన్న చేతిలో దుప్పటి పట్టుకుని వదలని ఆ చెయ్యే మళ్లీ కనబడింది నాకు. ఇంకో సంస్థలో చేరడానికి మూడేళ్లు పట్టింది. అక్కడ ఆ గడి లేదు.

తట్టుకోలేరన్న భయం పూర్తిగా తప్పని అనను. నిజాయితీగా చెప్పాలంటే, మొదటిసారి వరద బురద వాసన తగిలినప్పుడు నాకు కాళ్లు వణికాయి. ఆ రోజు మా బృందం పెద్దాయన నన్ను ఇంటికి పంపలేదు, ముందుకూ తోయలేదు. 'ఇవాళ సామాన్ల లెక్క రాస్తావా?' అని అడిగారు. రాశాను. మర్నాడు ఇళ్లలోకి వెళ్లాను. ఇద్దరిద్దరుగా పంపడం, గంటల లెక్కన విశ్రాంతి, ఎప్పుడైనా 'ఇక చాలు' అని చెప్పగలిగే వీలు, తిరిగొచ్చాక మాట్లాడటానికి ఒక మనిషి. ఇవన్నీ ఉంటే మాలో ఎక్కువమంది తట్టుకోగలం. ఇవి లేకపోతే ఎన్నడూ వరద చూడనివాళ్లు కూడా తట్టుకోలేరు.

ఎవరినీ బలవంతపెట్టవద్దని కూడా వేడుకుంటున్నాను. సాయం అందుకున్నవాళ్లందరూ తిరిగి రావాలని లేదు. మా నాన్న రాలేదు. మా అక్క ఇప్పటికీ పెద్ద వాన పడితే టీవీ ఆపేసి తలుపులు వేసుకుంటుంది. ఆమె ఎవరికీ ఏమీ బాకీ లేదు. 'ఒకప్పుడు మేం ఆదుకున్నాం, ఇప్పుడు మీ వంతు' అని ఎక్కడైనా రాసి ఉంటే దయచేసి తీసేయండి. అలా అడిగిన రోజున అది నిజంగానే రుణమైపోతుంది.

నేను అడిగేవి కొత్త కోరికలేం కావు. రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో విపత్తు సహాయానికి పది సూత్రాల నియమావళి రాసుకున్నాయి. మీలో చాలామంది దాని మీద సంతకం పెట్టారు. సాయం అందుకునేవారిని ఆ సాయం నడిపే పనిలో భాగం చేయడానికి దారులు వెతకాలని ఏడో సూత్రం చెబుతుంది. ప్రచారంలో బాధితులను దిక్కులేని వస్తువుల్లా కాక గౌరవం ఉన్న మనుషులుగా చూపాలని పదోది చెబుతుంది. మీరు రాసుకున్న మాటలే అడుగుతున్నాను.

రేపు శిబిరం తెరిచినప్పుడు పేర్లు రాసే రిజిస్టరులో ఇంకో గడి గీయించండి. పేరు, వయసు, ఏం కావాలి అన్న గడుల పక్కన 'ఏం చేయగలరు?' అని ఒక్కటి. పన్నెండేళ్ల పిల్ల అయితే చిన్నపిల్లలకు కథలు చెప్పగలదు. వంట వచ్చినావిడ గరిటె పట్టగలదు. టీచరు ఫారాలు నింపిపెట్టగలడు. చేయలేను అన్నవాళ్ల గడి ఖాళీగా వదిలేయండి, ఎందుకని అడగొద్దు. దుప్పటి ఇచ్చేటప్పుడు కెమెరాను బయటే ఆపండి. 'బాధితులా?' అన్న గడిని దరఖాస్తులోంచి తీసేయండి. లేదూ, ఉంచాలనుకుంటే దాని కింద ఇంకో ప్రశ్న చేర్చండి: 'అప్పుడు మీరున్న శిబిరంలో ఏది సరిగా జరగలేదు?' ఆ జవాబులు ముందు మీరే చదవండి. మాలో ఎవరిని ఎక్కడికి పంపాలో వాటిలోనే తెలుస్తుంది.

నా దగ్గర ఇప్పుడు నాలుగు టార్చ్‌లున్నాయి. ఒకటి నాకు. మిగతా మూడూ శిబిరంలో ఎవరో ఒకరి చేతిలో పెట్టడానికి. పోయినసారి ఒకటి తిరిగి రాలేదు. ఆ అబ్బాయి దాన్ని తనతోనే ఉంచుకున్నాడు, నేనూ అడగలేదు.

ఇట్లు,
ఒకప్పుడు మీ శిబిరంలో పడుకున్న ఒక వాలంటీర్